గట్టు దాటిన ఉప్పు

గోదాట్లో ఎర్రనీరు దిగి సముద్రాన్ని తాకిందంటే కోటిపల్లి, యానాం రేవుల్లో ఒకటే సందడి. పులస పడిందా, ఎన్ని కిలోలు తూగింది, పాటలో ఎంత పలికింది? పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట నిలబెట్టడానికి కార్లేసుకుని వచ్చేవాళ్లకి కొదవ లేదు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ అది ఇలస. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది, గోదావరి నీళ్లకి రుచి మారితే పులస. నార్వే వాళ్లకి సాల్మన్ ఇలాంటి చేపే. నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టే వేళకి పుట్టిన ఏరునే వెతుక్కుంటూ వస్తుంది. పులసను పెంపకానికి లొంగదీయాలని బారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ ఏళ్లుగా తంటాలు పడుతున్నా అది ఇంకా చెరువు సరుకు కాలేదు. సాల్మన్ అయింది. అయ్యాక ఆ చేపకీ ఆ నీటికీ ఏం జరిగిందన్నది మన డెల్టాలో రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి చూస్తే ఒకలా కనిపిస్తుంది. ఓస్లోలో కూర్చుని చూస్తే కనిపించని సంగతులు కొన్ని ఇక్కడినుంచే కనిపిస్తాయి కూడా.

నార్వేలో హిట్రా దీవి దగ్గర 1970లో మొదటిసారి సాల్మన్‌ను సముద్రంలో వల పంజరాల్లో పెంచి గెలిచారు. ఇప్పుడు అక్కడ ఏటా 15 లక్షల టన్నుల దాకా వస్తోంది. పంజరం అంటే నీళ్ల మీద తేలే పెద్ద గుండ్రటి చట్రం, దానికి కిందకి వేలాడే లోతైన వల. ఒక్కో దానిలో 2 లక్షల చేపల వరకు ఉండొచ్చని అక్కడి నిబంధన. మేత పైనుంచి పడుతుంది. తిన్నది చేప ఒంటికి పడుతుంది, తిననిదీ విసర్జించిందీ వల కన్నాల్లోంచి అడుక్కి జారుతుంది. నీటి ఉరవడి బాగా ఉన్నచోట చెదిరిపోతుంది. లేనిచోట పంజరం కింద నేల మీద పేరుకుని, ప్రాణవాయువు అడుగంటి, పురుగూ పుట్రా చచ్చి తెల్లటి బాక్టీరియా దుప్పటి పరుచుకుంటుంది. పెంపకందారుకు ఇందులో ఖర్చేమీ లేదు. పాకీ పని సముద్రం చేస్తుంది, జీతం లేకుండా.

మురుగు సంగతి ఇదైతే, సాల్మన్‌ను నిజంగా పీడించేది పేను. సాల్మన్ ఒంటికి అంటుకుని చర్మం, రక్తం తిని బతికే చిన్న పురుగు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. అడవి చేపలు పల్చగా తిరిగే చలికాలంలో దానికి అంటుకునేందుకు ఒళ్లు దొరికేది కాదు, అదే దాని అదుపు. ఇప్పుడు ఏడాది పొడవునా లక్షల ఒళ్లు ఒకేచోట దొరుకుతున్నాయి. వసంతంలో నదుల్లోంచి తొలిసారి సముద్రంలోకి దిగే వేలెడంత పిల్లలు ఈ పంజరాల పక్కనుంచే పోవాలి. పెద్ద చేపకి పది పేలు పట్టినా దులుపుకుని పోతుంది, ఆ పిల్లకి అవే చావు. మందు నీళ్లలో ముంచారు, పేను మందుకి అలవాటు పడింది. వేడినీళ్లలో ముంచారు, చేప చచ్చింది. పేలను ఏరుకు తినే వేరే చేపల్ని పంజరంలో వదిలారు, అవీ లక్షల్లో చచ్చాయి. 2023లో నార్వే పంజరాల్లో 6 కోట్లకు పైగా సాల్మన్లు పట్టుబడికి రాకముందే చనిపోయాయి, అంటే ప్రతి ఆరింటిలో ఒకటి. పంజరాల్లోంచి తప్పించుకున్నవి నదులెక్కి అడవి చేపలతో జతకడుతున్నాయి. పరీక్షించిన నదుల్లో మూడింట రెండు వంతుల చోట అడవి సాల్మన్‌లో పెంపుడు రక్తం కనిపించింది. 2024 వేసవిలో తిరిగొచ్చిన చేపలు మరీ తగ్గాయని 33 నదుల్లో సాల్మన్ వేట ఆపేశారు. వాళ్ల పులస ఆగిపోయిందన్నమాట.

మిగతా దేశాల కథ ఇంకోలా నడిచింది. చిలీ సముద్రంలో అట్లాంటిక్ సాల్మన్ పుట్టదు, తెచ్చి పెట్టారు. 2007లో రక్తహీనత వైరస్ తగిలి అక్కడి పరిశ్రమ కుప్పకూలింది. 2016లో విషపు నాచు పుట్టి కోట్ల చేపల్ని చంపింది, చిలోయె దీవి మత్స్యకారులు రోడ్లు దిగ్బంధించారు. బాక్టీరియా జబ్బులకి అక్కడ ఏటా వందల టన్నుల యాంటీబయాటిక్స్ వాడుతున్నారు. నార్వే టీకాలు కనిపెట్టుకుని ఆ వాడకం దాదాపు మానేసింది, అది మెచ్చుకోవలసిన పనే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2017 ఆగస్టులో ఒక పంజరాల సముదాయం విరిగి 2 లక్షలకు పైగా అట్లాంటిక్ సాల్మన్లు పసిఫిక్‌లో పడ్డాయి. మరుసటి ఏడాదే పరాయి జాతి పెంపకం నిషేధించారు, 2025 జనవరిలో వల పంజరాలనే వద్దన్నారు. అర్జెంటీనాలోని టియెర్రా డెల్ ఫ్యూగో 2021లోనే గేటు మూసింది. కెనడా బ్రిటిష్ కొలంబియాలో 2029 జూన్‌కల్లా బహిరంగ వలలు తీసేయాలని గడువు పెట్టింది.

ఇదంతా గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో కూర్చుని రాయడమెందుకంటే, ఇక్కడివాళ్లు సాల్మన్ గురించి అనే మొదటి మాట ఒకటుంది: ‘వాళ్లది సముద్రమండీ, మనవి చెరువులు. గట్లున్నాయిగా.’

గట్ల మాట నిజమే. నీళ్ల మాట వేరు.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక ఇక్కడ పరుచుకున్నవి రెండు వలలు. ఒకటి పంట కాలువలది. ఎత్తు మీద నడిచి, తూముల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి మడుల్లోకి నీళ్లు దించేది. రెండోది పల్లంలో నడిచే మురుగు కాలువలది, మనం డ్రెయిన్లనేవి. వానాకాలంలో మడుల్లో నిలిచిన నీళ్లు లాగి సముద్రానికి చేర్చడం వాటి పని. 1960లలో మిత్రా కమిటీ గోదావరి, కృష్ణా డెల్టాల ముంపు చూడడానికి వచ్చినప్పుడు తలపట్టుకున్నదీ ఈ రెండో వల గురించే. వాననీటి మోతాదు లెక్కగట్టి తవ్విన కాలువలవి. ఏడాది పొడవునా ఉప్పు, మేత, మలం మోయడం వాటి ఒప్పందంలో లేదు. రామచంద్రపురం, ద్రాక్షారామం చుట్టుపక్కల పొలాల మురుగుని మోసే తుల్యభాగ ఒకప్పుడు సప్త గోదావరుల్లో ఒక పాయ. చొల్లంగి అమావాస్య నాడు సప్తసాగర యాత్ర మొదలెట్టేది దాని సంగమంలో మునిగే. ఇప్పుడు అధికారుల కాగితాల్లో దాని పేరు తుల్యభాగ డ్రెయిన్. పుణ్యస్నానం చేసేవాళ్లు ఏ తుల్యభాగలో మునుగుతున్నారో అడగడం మర్యాద కాదు గానీ, అడగవలసిన ప్రశ్నే.

కె.గంగవరం మండలంలో ఒక చిన్న కమతం ఉంది. ఎకరం చిల్లర, సొంతదారు సాగు. మూడువైపులా చెరువులు. దాళ్వా (రబీ వరి) ఊడ్చి నెల తిరగని రోజుల్లో వెళ్లాను. గట్టు పొడవునా రెండు బారల వెడల్పున మొక్క చివరలు కాలినట్టున్నాయి, ఇంకొంచెం లోపల పసుపు, మధ్యలో మాత్రం పచ్చగా. అంచుమీద పాలపొంగు ఆరిపోయినట్టు తెల్లటి పొర. ఆ రైతు వంగి చిటికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టి, ‘నాలిక్కేసుకోండి’ అన్నాడు. వేసుకున్నాను. ‘మందు కొట్టమంటారు, జింకు వెయ్యమంటారు. ఇది మందుకి తగ్గే జబ్బేనాండీ?’

తగ్గదు. సముద్రపు నీట్లో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటుంది. వనామి రొయ్యకి అంత అక్కర్లేదు. పది పదిహేను గ్రాములైతే దానికి హాయి, ఐదుకీ సర్దుకుంటుంది, అంతకన్నా చప్పటి నీళ్లలోనూ లాక్కొస్తుంది. అందుకే తీరానికి ఇంత దూరంలో ఉన్న మన ఊళ్లకీ వచ్చింది. బోరు వేసి అడుగునున్న ఉప్పునీరు తోడి, కాలువ నీళ్లతో కలిపి చెరువు నింపుతారు. వరి సంగతి చూడండి. మట్టి నీళ్లలో ఉప్పు లీటరుకి 2 గ్రాముల దరిదాపుకొచ్చేసరికే దిగుబడి దిగడం మొదలవుతుంది, అక్కణ్నించి ఉప్పు పెరిగేకొద్దీ దిగుబడి గబగబా పోతుంది. రొయ్యకి అతి తక్కువ ఉప్పన్నదే వరికి ఎక్కువ. పైగా చెరువులో నీటి మట్టం పక్క మడి కన్నా ఎత్తున ఉంటుంది. నీటికి పల్లం తెలుసు. గట్టు ఎంత బందోబస్తుగా కట్టినా అడుగునుంచి ఊట పోతూనే ఉంటుంది. చుట్టూ ఊటకాలువ తవ్వి, పడిన నీళ్లని మళ్లీ చెరువులోకి తోడుకోవాలని నిబంధనుంది. తవ్వితే ఆ మేరకి రొయ్యల వైశాల్యం తగ్గుతుంది. అందుకే గట్టు పాదం సరిహద్దు రాయి మీదే కూర్చుంటుంది.

మూడువైపులా ఊట తగిలిన రైతుకి చివరికి మిగిలేది ఒకటే దారి, తన ఎకరం కూడా చెరువుకి లీజుకివ్వడం. కాగితాల్లో అది స్వచ్ఛందం. కౌలురైతుకి ఆ దారీ లేదు. భూస్వామి హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో ఉండి ఫోన్లో లీజు మాట్లాడేసుకుంటే, పదేళ్లుగా ఆ చేను దున్నుతున్న మనిషికి మరుసటి రోజు కబురు తెలుస్తుంది. నాట్లకి వెళ్లే ఆడవాళ్ల పని పోయింది. వాళ్లలో కొందరు వ్యాన్లెక్కి రొయ్యల తలలు తీసే షెడ్లకి పోతున్నారు. చన్నీళ్లలో, ఐసులో, నిలువు కాళ్ల మీద. కూలి రేటు పెరిగిందనేవాళ్లు ఆ వేళ్లని ఒకసారి చూడాలి.

ఉప్పు ఒక్కటే అయితే లెక్క తేలికే. ఎకరానికి రెండు టన్నుల పట్టుబడి వచ్చిందనుకుందాం. దానికి మూడు టన్నులకి అటూ ఇటూగా మేత పడుతుంది. మేతలో మాంసకృత్తులు 35 శాతం వేసుకుంటే అందులో ఉన్న నత్రజనిలో మూడో వంతు రొయ్యగా పైకొస్తుంది, మిగతాది నీళ్లలోనూ అడుగు బురదలోనూ ఉండిపోతుంది. ఆ మిగిలింది ఎంతో తెలుసా? ఐదు బస్తాల యూరియాలో ఉండేంత. కొంత గాలిలో కలిసిపోయినా, కొంత బురదలో మిగిలినా, తక్కినది పట్టుబడి రోజున తూము తీయగానే డ్రెయిన్‌లో పడుతుంది. దాళ్వాకి ఒక ఎకరానికి వేసే యూరియా లెక్క తెలిసినవాళ్లకి ఈ అంకె వివరించనక్కర్లేదు. రెండు పంటలు తీసే చెరువైతే పది బస్తాలు. తుల్యభాగ వెంట ఎన్ని వందల ఎకరాలున్నాయో హెచ్చవేసుకోండి. గుర్రపుడెక్క ఎందుకంత బలంగా పెరుగుతోందని ప్రతి ఏడూ ఆశ్చర్యపోతూ, ప్రతి ఏడూ టెండర్లు పిలిచి తీయిస్తుంటాం. మేత మన చేత్తోనే వేస్తున్నాం.

నేరమంతా రొయ్యదే అనడం అన్యాయం. రామచంద్రపురం పట్టణం మురుగు ఏ శుద్ధీ లేకుండా ఇవే కాలువల్లో పడుతోంది. పూడిక తీయని డ్రెయిన్ల మొగల దగ్గర పోటు వచ్చినప్పుడు సముద్రమే లోపలికి ఎగదన్నుతోంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీటికి మోడుబారిన కొబ్బరితోటలు చూసినవాళ్లకి అది తెలుసు. మధ్య డెల్టాలో 2011 ఖరీఫ్‌లో వేల ఎకరాల్లో రైతులు పంటవిరామం ప్రకటించి, దేశం మొత్తం కోనసీమ వైపు చూసేలా చేసినప్పుడు వాళ్ల డిమాండ్లలో గిట్టుబాటు ధరతోపాటు డ్రెయిన్ల బాగూ ఉంది. వరి గిట్టలేదు కాబట్టే చెరువు వచ్చింది. ‘రొయ్యలు మానేయండి’ అని రైతుకి చెప్పేవాళ్లు వరికి ఏమిస్తారో ముందు చెప్పాలి. చెరువులో దిగినవాడి బతుకూ నిలకడైందేం కాదు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసిన వారంలో కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రేట్లు ఎలా పడ్డాయో, ఆ వారం ఎవరు రొయ్య పట్టారో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు.

అయినా చెరువు పంజరమే అని నేననడానికి అసలు కారణం జబ్బు. 1994, 95లలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు కోస్తా అంతటా టైగర్ రొయ్యల చెరువులు వారాల్లో తుడిచిపెట్టుకుపోయాయి. ఒక చెరువులో రొయ్య గట్టు వారకి చేరి చస్తే, రైతు ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేసేవాడు. దిగువ రైతు అదే డ్రెయిన్‌లోంచి మోటారు పెట్టి తోడేవాడు. వైరస్‌కి ఇంతకన్నా మంచి బస్సు సర్వీసు ఉంటుందా? తర్వాత 2009లో లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు రొయ్యకి, అంటే వనామికి, కేంద్రం అనుమతిచ్చింది. అప్పటి షరతుల ప్రకారం జబ్బులేని తల్లి రొయ్యల్ని బయటి దేశాల నుంచి తెచ్చి, చెన్నైలో క్వారంటైన్ చేసి హేచరీలకివ్వాలి. చదరపు మీటరుకి 60 పిల్లలు మించకూడదు. చెరువు చిన్నదైనా పెద్దదైనా వ్యర్థజలాల శుద్ధి ఏర్పాటు తప్పనిసరి. రాతలో ఇంత పటిష్టమైన ఏర్పాటు ఇంకో పంటకి లేదు. చెరువులో దిగేదాకా పిల్ల శుభ్రం. దిగిన రోజునుంచి అది తుల్యభాగ ఇంటి కోడలే, ఆ నీళ్లే తాగాలి. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి ఇవాళ రొయ్యని చంపదు, ఎదగనివ్వదు. మేత తింటుంది, కౌంట్ రాదు. రైతు ఆ నష్టాన్ని ఇంకాస్త ఒత్తుగా పిల్ల వేసి పూడ్చుకోవాలని చూస్తాడు. సాల్మన్ పేను కథ కూడా అచ్చంగా ఇదే. ఎవరికి వారు తమ పంజరానికి మందు వేసుకుంటారు, పేను పక్క పంజరంలో కాచుకుని ఉంటుంది.

మందుల విషయంలో మన తీరు మరీ విచిత్రం. మన రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ ఆనవాళ్లు దొరుకుతున్నాయని యూరప్ 2016లో తన రేవుల్లో తనిఖీని నూటికి 10 సరుకుల నుంచి 50కి పెంచింది. దాంతో ఎగుమతిదారు రైతు దగ్గర పరీక్ష పెట్టాడు, రైతు జాగ్రత్తపడ్డాడు. మంచిదే. యూరప్ తినే రొయ్యకి అన్ని పరీక్షలు జరిగాయి. ఆ రొయ్య ఈదిన నీళ్లకి ఒక్కటీ జరగలేదు. ఆ నీళ్లు తాగేది మన పశువులు. డెల్టాలో కాలువలు కట్టేసే రోజుల్లో, శివారు ఆయకట్టుకి దాళ్వా నీళ్లు చాలని ఏడాదుల్లో, డ్రెయిన్లకి అడ్డుకట్టలు వేయించి ఇంజన్లతో తోడుకోమని చెప్పేది సాక్షాత్తూ అధికారులే. ఒకరికి మురుగు కాలువ అయింది ఇంకొకరికి పంట కాలువ. ఈ ఒక్క సంగతి అర్థమైతే ‘మనవి చెరువులు, గట్లున్నాయి’ అన్న మాట నిలవదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. తమిళనాడు గాంధేయవాది ఎస్.జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చదవదగ్గది. తీరంలో సంప్రదాయ పద్ధతులు తప్ప మిగతా చెరువులు తీసేయమంది, సాగుభూములు, మడ అడవులు, ఉప్పుమడులు చెరువులుగా మార్చొద్దంది, పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ తీర్పు వాడిని మొద్దుబార్చింది. అనుమతి లేకుండా చెరువు వేస్తే మూడేళ్ల దాకా జైలని అందులో ఒక సెక్షన్ ఉండేది. ఎవరినైనా జైల్లో పెట్టారా అన్నది వేరే మాట. 2023 సవరణ ఆ జైలు మాటే తీసేసి జరిమానాతో సరిపెట్టింది. అదే సవరణ సముద్రంలో పంజరాల పెంపకాన్ని కూడా ఈ చట్టం గొడుగు కిందికి తెచ్చింది.

ఈ అథారిటీ చూపు ఉప్పునీటి ఆటుపోట్ల గీత నుంచి రెండు కిలోమీటర్ల దాకా. రామచంద్రపురం చుట్టూ ఉన్న చాలా చెరువులు దానికి అందవు. వాటికి 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ, జిల్లా కమిటీ, మత్స్యశాఖ. తుల్యభాగ ఇంకా కిందికి దిగితే కేంద్రం పరిధి. ఇంకా దిగితే కోరంగి అభయారణ్యం, 1978లో ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, అక్కడ అటవీశాఖ. డ్రెయిన్ గట్లు జలవనరుల శాఖవి, అందులో నీళ్లు కాలుష్య నియంత్రణ మండలివి, బోరు భూగర్భజల శాఖది, మోటారుకి యూనిట్ రూపాయిన్నర లెక్కన రాయితీ కరెంటు ఇచ్చేది విద్యుత్ శాఖ. ఒకే నీరు ఇన్ని గుమ్మాలు దాటుతుంది, ఏ గుమ్మం దగ్గరా దానికి పేరు రాసుకునేవాడు లేడు. అందరూ చూసేది చెరువునే. సర్వే నంబరెంత, పట్టా ఎవరిది, అనుమతుందా? అనుమతి లేని చెరువుల మీద కోనసీమ నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి తీసేయమని ఆదేశాలు తెచ్చుకున్నవాళ్లున్నారు. పొక్లెయిన్ వచ్చి గట్టు తెగ్గొట్టి ఫోటో తీయించుకుని పోతుంది. రెండు నెలల్లో గట్టు మళ్లీ లేస్తుంది. ఇంతకీ అనుమతి ఉన్న చెరువు ఉప్పు తియ్యగా ఉండదు కదా.

నార్వేని చూసి భయపడవలసినవి చాలా ఉన్నాయి. నేర్చుకోవలసింది మాత్రం ఒకటుంది. 2017లో వాళ్లు తీరమంతటినీ 13 మండలాలుగా విడగొట్టారు. ఒక్కో మండలంలో పంజరాల పేను వల్ల అడవి సాల్మన్ పిల్లలు ఎంత చస్తున్నాయో శాస్త్రవేత్తలు అంచనా కడతారు. తక్కువైతే పచ్చ దీపం, పెంపకం 6 శాతం దాకా పెంచుకోవచ్చు. మధ్యస్థమైతే పసుపు, ఉన్నకాడికి ఉండాలి. ఎక్కువైతే ఎరుపు, మండలంలో ఉన్న అందరూ 6 శాతం తగ్గించుకోవాలి. నా పంజరంలో పేను లేదన్న వాదన మామూలుగా చెల్లదు. ఎరుపు పడ్డవాళ్లు కోర్టుకెక్కారు, నిలబడలేదు. ఇందులో లోపాలున్నాయి. పేను ఒక్కటే లెక్కపెడతారు, అడుగున పేరుకునే మురుగు దీపానికి కనిపించదు. 33 నదులు మూతపడ్డాయంటేనే దీపం ఆలస్యంగా వెలుగుతోందని అర్థం. కానీ లెక్కకి ప్రమాణం పంజరం కాదు, అందరూ పంచుకునే నీరు అన్న సూత్రం అక్కడ చట్టంలోకెక్కింది. మన దగ్గర ఆ సూత్రం నేల మీద అమల్లో కనిపించదు.

తుల్యభాగని నార్వే లెక్కన ఒక మండలం అనుకుందాం. దాని కింద మురుగు పడే పొలాలు, చెరువులు, పట్టణం అన్నీ కలిపి ఒక ఖాతా. కాలువ మీద ఐదారు చోట్ల ఉప్పు, అమ్మోనియా, నీట్లో ప్రాణవాయువు కొలిచి, ఆ అంకెలు గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. రేషన్ షాపు స్టాకు రాసినట్టు, అంతే. దాళ్వా నాట్లకి ముందు ఉప్పు 2 గ్రాములు దాటితే ఎరుపు. అప్పుడు కొత్త అనుమతులుండవు. పట్టుబడి నీళ్లు వరుస ప్రకారం వదలాలి, వంతు లేనివాడు తూము ఎత్తకూడదు. వంతుల పద్ధతి మన రైతుకి కొత్తేం కాదు. ఎద్దడి ఏడాదుల్లో పంట కాలువ నీటికి లస్కర్లు, రైతులు వంతు పెట్టుకుంటారు. తెచ్చుకునే నీటికి ఉన్న వంతు వదిలే నీటికి ఎందుకు ఉండకూడదు? ఒకేసారి పిల్ల వేసి ఒకేసారి పట్టుబడి చేసి, మధ్యలో నెల రోజులు చెరువులు ఎండబెడితే జబ్బూ తగ్గుతుంది. చిలీ వైరస్ దెబ్బ తిన్నాక చేసింది ఇదే, పేటపేటకీ పంజరాలు ఒకేసారి ఖాళీ చేయించారు. పది ఎకరాల రైతులు కలిసి ఒక మూల రెండెకరాల శుద్ధి చెరువు తవ్వుకుంటే ఆ యూరియాతో నాచో గడ్డో పెరిగి నీరు కాస్తైనా తేటపడుతుంది. రూపాయిన్నర కరెంటుకి అర్హత సర్వే నంబరుని బట్టి కాకుండా ఈ శుద్ధి చెరువుని బట్టి ఇస్తే రైతే తవ్వుకుంటాడు. రాయితీకి మించిన పోలీసు లేడు.

దీనికి ఎదురయ్యే మొదటి అడ్డు డబ్బు కాదు. ఖాతా తెరిస్తే అందులో పట్టణం మురుగు పద్దు కూడా రాయాలి, మునిసిపాలిటీ ఒప్పుకోదు. అనుమతి లేని చెరువులూ లెక్కలోకి రావాలి, వాటి వెనకున్న మనుషులు ఒప్పుకోరు. ఎగువనున్నవాడికి దిగువవాడి నొప్పి తెలియదు. తుందుర్రు గుర్తుంది కదా. భీమవరం దగ్గర ఆక్వా ఫుడ్ పార్క్ మురుగు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తుందని 2016, 17లలో ఆ ఊళ్ల ఆడవాళ్లు ముందు నిలబడి అడ్డుకుంటే వాళ్ల మీద 144 సెక్షన్ పెట్టారు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర వేరే రొయ్యల ప్లాంటు తొట్టిలో దిగిన ఐదుగురు కూలీలు విషవాయువుకి చనిపోయారు. ఆ తర్వాతే జనం మాటకి కొంచెం విలువొచ్చింది.

ఇప్పుడు సముద్రం వంతు. విశాఖ తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లోనే పంజరం దించి పండుగప్ప పెంచి చూసింది. కోబియా, పాంపనో కూడా పెంచొచ్చని తేల్చింది. పండుగప్ప మన తీరం చేపే, అంతవరకు చిలీ తప్పు చేయట్లేదు. మేత కోసం చిన్న చేపల్ని రుబ్బి పెట్టడం మాత్రం సాల్మన్‌కైనా పండుగప్పకైనా ఒకటే. కవ్వళ్లు పేదవాడి కూరచట్టిలోంచి పెద్ద చేప నోట్లోకి పోతాయి. పంజరాలు రావొద్దని నేననను. చేపల వేట తగ్గి ఖాళీ వలలతో ఒడ్డుకొచ్చే మత్స్యకారుడికి అదో దారి కావొచ్చు. గోదావరి గౌతమి పాయ మొగ దగ్గర మాత్రం, పులస నదిలోకి మలుపు తిరిగే ఆ కొద్ది మైళ్ల నీట్లో, ఒక్క చట్రం తేలకముందే ఎన్ని, ఎక్కడ, ఎవరి లెక్కన అని గీత గీసుకోవాలి. నార్వే ఆ గీత గీయడానికి 1970 నుంచి 2017 దాకా ఆగింది.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు, నాకు మట్టి రుచి చూపించిన రైతు పొలం ఆనుకుని ఉన్న చెరువు యజమాని గట్టు మీద కనిపించాడు. ఆయనేం దుర్మార్గుడు కాదు. రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కాపలా కాసి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చొక్కా జేబులో పెన్నులాంటి ఉప్పు చూసే మీటరు. రోజూ తెల్లారగానే చెరువు నీళ్ల చుక్క దాని అద్దం మీద వేసి వెలుగుకేసి చూస్తాడు, నోటుబుక్కులో తేదీ పక్కన రాసుకుంటాడు. మూడేళ్ల పుస్తకాలున్నాయట. ఓసారి అవతల డ్రెయిన్ నీళ్లకి పెట్టి చూస్తారా అని అడిగాను. నవ్వి, మెట్లు దిగి చుక్క వేసి చూశాడు. చూసింది నాకూ చూపించాడు. నా నాలుకకి తగిలిందే అక్కడా ఉంది. అద్దం కండువాతో తుడిచి మీటరు జేబులో పెట్టుకున్నాడు. నోటుబుక్కు తీయలేదు. ‘ఇది ఏ చెరువు పేజీలో రాయమంటారండీ?’ అన్నాడు.